ఒక ఊపిరి ముందు

మే 5, సోమవారం

చెవుల డాక్టరు రాసుకోమన్నాడు కాబట్టి రాస్తున్నాను. లేకపోతే డెబ్భై మూడేళ్లు వచ్చాక డైరీ మొదలుపెట్టే సరదా నాకు లేదు. నా చెవులు పాతికేళ్ల మనిషి చెవుల్లా ఉన్నాయట. ఆ మాట చెబుతున్నప్పుడు అతని మొహం కాస్త చిన్నబోయింది. బాగున్న చెవులతో అతనికేం పని? "మీకు వినిపించే మాట ఎప్పుడు, ఎక్కడ వినిపించిందో ఒక పుస్తకంలో రాసుకోండి. రెండు నెలలాగి తీసుకురండి" అన్నాడు. తీసుకెళ్తాను. చూపిస్తానని మాత్రం అనలేదు.

మొదటిసారి: ఏప్రిల్ 28, మధ్యాహ్నం మూడు గంటలు, వంటగది. టీ గిన్నె కడుగుతున్నాను. నా వెనకాల ఎవరో "రెండూ వచ్చాయి" అన్నారు. ఆడగొంతు. మెల్లగా, ఎత్తూ పల్లం లేకుండా, మందు సీసా మీద రాసింది చదివినట్టు. ఈ ఇంట్లో ఉన్నది ముగ్గురం ఆడవాళ్లం. మా అమ్మాయి తన మందుల షాపులో ఉంది. మనవరాలు ఇంకా మెట్లెక్కుతోంది. వెనక్కి తిరిగితే గిన్నెల స్టాండు తప్ప ఎవరూ లేరు. అప్పుడు తలుపు దడేల్మని తెరుచుకుని పిచ్చుక రొప్పుకుంటూ గుమ్మంలో నిలబడింది.

"రెండూ వచ్చాయి అమ్మమ్మా!"

పిచ్చుక అంటే మా మనవరాలే. పద్దెనిమిదేళ్లు. ఒక చోట నిలవదు, తిండి గింజంత, గోల ఊరంత.

రెండూ అంటే రెండు ఉత్తరాలు. ఒకటి నటన బడి నుంచి. అక్కడ మూడేళ్లూ ఒళ్లు వంచడం, గొంతు సాధన, వేషం కట్టడం, అంతే. పుస్తకం ముట్టుకోవాలంటే ఆదివారం దాకా ఆగాలి. రైల్లో తొమ్మిది గంటలు, అక్కడే ఉండాలి. సీటు ఇంకా ఖాయం కాదు, జూన్ 14న రెండో పరీక్షకు రమ్మన్నారు. రెండోది యూనివర్సిటీ నుంచి. నాలుగేళ్ల థియేటర్ డిగ్రీ: నాటకాల చరిత్ర, రచన, దర్శకత్వం, లైట్లు, సెట్లు, ఒక మూల నటన కూడా. ఈ సీటు ఖాయం. పిచ్చుక రాసి పంపిన ఎనిమిది పేజీల వ్యాసం వాళ్లకు తెగ నచ్చిందట. ఇంటి ముందు బస్సెక్కితే ఇరవై నిమిషాలు.

దేనికైనా జూన్ 20 లోపు జవాబివ్వాలి. నేను ఎటూ మొగ్గడం లేదు. పిల్ల చదువు, పిల్ల ఇష్టం. బస్సు సంగతి ఊరికే రాశాను.

ఆ వ్యాసంలో నేను కామాలు మాత్రం దిద్దాను.

మే 6

పొద్దున పదిన్నర, మెట్ల మీద. మా కింద వాటాలో ఉన్న టైలరు, "రేపు తప్పకుండా ఇచ్చేస్తానమ్మగారూ." అతను నోరు విప్పకముందే విన్నాను. అయితే టైలర్లందరూ ఎప్పుడూ అనే మాటే ఇది. లెక్కలోకి తీసుకోను.

మే 7

ఏమీ లేదు.

మే 8

పెద్ద పెద్ద చప్పుళ్ల మధ్య ఉద్యోగం చేశారా అని డాక్టరు ఆ రోజు అడిగాడు. ఇరవై ఆరేళ్లు నాటకాల కంపెనీలో ప్రాంప్టరుగా ఉన్నాను నాయనా, గుసగుస దాటి చప్పుడు చేసిన పాపాన పోలేదు అన్నాను. అతనికి అర్థం కాలేదు. ఈ కాలం వాళ్లకు ఆ పనే తెలియదు.

స్టేజి ముందు అంచున నేలలో చిన్న గూడు. మెడ వరకు దిగి కూర్చోవాలి. ప్రేక్షకులకు కనపడకుండా వెనక చెక్క డొప్ప. ముందు చూస్తే నటుల పాదాలు, తల ఎత్తితే వాళ్ల ముక్కుపుటాలు. చేతిలో నాటకం, పక్కన ముసుగేసిన దీపం. సాహిత్యంలో ఎం.ఏ. చేసి ఆ గోతిలో కూర్చోవడమేమిటని మా నాన్న చచ్చేదాకా అడిగాడు. చదువు ఎక్కువై ధైర్యం తక్కువైన వాళ్లకు అంతకంటే అనువైన చోటు లేదని ఆయనకు చెప్పలేదు.

పనిలో సూత్రాలు రెండే. నటుడి కంటే ఒక ఊపిరి ముందు మాట అందించాలి. అందించేటప్పుడు అందులో ఏడుపూ నవ్వూ కలపకూడదు. మాటను తెల్లగా ఇవ్వాలి, రంగు వాళ్లు వేసుకుంటారు. పదేళ్లు చేశాక ఆ గొంతు వేరే అవుతుంది. మన ఇంట్లో మాట్లాడే గొంతు కాదు. ఎవరిదీ కాదు.

వంటగదిలో విన్నది ఆ గొంతు. ఈ ముక్క డాక్టరుకు చెప్పలేదు.

మే 11, ఆదివారం

మా అమ్మాయికి ఆదివారం సెలవు. కాబట్టి ఆదివారం మాకు యుద్ధం.

"నటన బడి వాళ్లిచ్చే కాగితం మీద ఏముంటుందే?" అని కూతుర్ని అడిగింది, టేబుల్ తుడుస్తూ.

"నటి అని ఉంటుంది."

"అది కాగితం చెప్పాలా? చూసేవాళ్లు చెప్పాలి గానీ."

"మరి నీ మందుల షాపు గోడకు కాగితమెందుకు వేలాడేశావమ్మా?"

"నేను తప్పు మందిస్తే మనిషి చచ్చిపోతాడు కాబట్టి. నువ్వు తప్పు వేషమేస్తే వాళ్లు లేచి ఇంటికి పోతారు, అంతే తేడా."

నవ్వాపుకోలేకపోయాను. "నేను మాత్రం ఏం మాట్లాడను" అన్నాను.

"నువ్వు మాట్లాడకపోతేనే నాకు భయమమ్మా" అంది మా అమ్మాయి. నవ్వుతూ అనలేదు.

అప్పుడు పిచ్చుక చెప్పింది, ఇన్నాళ్లూ దాచిన సంగతి. నటన బడి మొదటి పరీక్షలో ఇది ఒక తల్లి వేషం వేసి రెండు పేజీల సంభాషణ చెప్పిందట. అక్కడ పొట్టి జుట్టు టీచరు ఒకావిడ ఉంది. సగంలో చెయ్యెత్తి ఆపేసిందట.

"ప్రతి వాక్యానికీ ముందు ఒక ఊపిరి ఆగుతున్నావు. ఎవరో చెబితే విని చెబుతున్నట్టు. నీ పక్కన ఎవరున్నారమ్మా?" అందట.

"అందరూ నవ్వారు. నేను నవ్వలేదు అమ్మమ్మా."

"నువ్వేమన్నావు?"

"ఎవరూ లేరండీ అన్నాను. ఆ మాటకు ముందు కూడా ఆగానట."

అందుకే రెండో పరీక్ష ఇలా పెట్టారు: స్టేజి మీద ఒక్కతే నిలబడాలి, ఐదు నిమిషాలు, ఒక్క మాట లేకుండా. మాటే లేకపోతే అందించేవాళ్లుండరు కదా అని ఆవిడ ఆలోచన కాబోలు. తెలివైన మనిషి. నాకు నచ్చలేదు.

మే 12

ఆ వ్యాసంలో కామాలు, నాలుగైదు పెద్ద మాటలు. అంతే దిద్దాను.

మే 15

ఇవాళ పనేం లేక పెద్దక్క గుర్తొచ్చింది. కంపెనీలో అందరూ ఆవిడను అలాగే పిలిచేవాళ్లం. నా గూట్లోంచి ఎన్ని వందల రాత్రులు ఆవిడ పాదాలు చూశానో. ఎడమ బొటనవేలు కొంచెం వంకర. మాట వచ్చే ముందు ఆ వేలు నేలను నొక్కేది.

ఒక నాటకంలో కొడుకు చనిపోయాడన్న కబురు విని ఆవిడ ఆగాలి. మూడు లెక్కపెట్టేంత సేపు, తర్వాత "దీపం తగ్గించండి" అనాలి. ఒక రోజు ఆగింది. మూడు, నాలుగు, ఏడు, పది. హాల్లో దగ్గు కూడా లేదు. వేలు కదల్లేదు. నేను "దీపం తగ్గించండి" అని అందించాను.

ఆవిడ తల కొంచెం వంచి నా గూటి వైపు చూసింది. తర్వాత ఆ మాటే అంది. నేనన్నట్టే. రంగు లేకుండా.

అక్కణ్ణుంచి ఆవిడ ఏ మాటా నేను అందించనిదే అనలేకపోయింది. అచ్చొచ్చిన వేషాల్లో, ఇరవై ఏళ్లుగా వేసినవాటిలో కూడా. నాలుగు నెలలు చూసి నాటకాలే మానేసింది.

మాట మర్చిపోయింది, అందుకే అందించాను. అది నా ఉద్యోగం.

మే 18, ఆదివారం

మధ్యాహ్నం. పిచ్చుక ముందు గదిలో కర్టెన్లేసి ఐదు నిమిషాల సాధన మొదలుపెట్టింది. నన్ను ప్రేక్షకులుగా కూర్చోబెట్టింది, కుర్చీలో, చేతిలో గడియారంతో. కింద టైలరు మిషను నడుస్తోంది, ఆగుతోంది, నడుస్తోంది.

మొదటి నిమిషం బాగుంది. అది కిటికీ వైపు నిలబడి ఊరికే ఉంది. ఊరికే ఉండటం చాలా కష్టమైన పని, నాకు తెలుసు.

రెండో నిమిషంలో, దాని వీపు వెనకాల, బట్టల బీరువా ఉన్న మూల నుంచి, "ఇక చాలు."

పిచ్చుక, "ఇక చాలు" అంది. అని వెంటనే నా వైపు తిరిగింది. మొహం పాలిపోయింది.

"నువ్వన్నావా?"

"నేనేమీ అనలేదు."

"నీ పెదాలు కదిలాయి అమ్మమ్మా."

"ముసలిదాన్ని, పెదాలు వాటంతటవే కదులుతాయి."

దానికి నవ్వు రాలేదు. నాకూ రాలేదు.

అంటే దానికీ వినిపిస్తోంది.

మే 20

టైలరు దగ్గర కోటు గుండీ ఒకటి అడిగి తెచ్చుకున్నాను. "ఏ బట్టకమ్మగారూ?" అన్నాడు. నోటికి అన్నాను. అతను మర్యాదస్తుడు, ఇంకేమీ అడగలేదు.

సాయంత్రం నాలుగింటికి మళ్లీ సాధన. గుండీ రెండు పెదాల మధ్య బిగించి పట్టుకుని కూర్చున్నాను. చూసుకోవడానికి చేతిలో చిన్న అద్దం. పెదాలు కదిలితే గుండీ పడాలి.

మూడో నిమిషం దాకా ఏమీ లేదు. బీరువా తలుపు కొంచెం తెరిచి ఉంది. అందులో మడత పెట్టిన దుప్పట్లు, మా అమ్మాయి పాత కోటు. అక్కడి నుంచి ముందు ఊపిరి తీసుకున్న చప్పుడు. తర్వాత, "నాకు రాదు."

"నాకు రాదు" అని పిల్ల భోరుమంది.

అద్దంలో చూసుకున్నాను. గుండీ పెదాల మధ్యే ఉంది. కదల్లేదు.

పిల్లను దగ్గరికి తీసుకోవాలంటే గుండీ తీసెయ్యాలి. తియ్యడానికి భయమేసింది. అలాగే, నోట్లో గుండీతో, దాని వీపు నిమిరాను.

మే 21

బీరువాకు తాళం వేశాను. పిచ్చిపని. తెలుసు.

మే 23

మందుల షాపుకు వెళ్లాను. పొద్దున పదకొండప్పుడు ఎవరూ ఉండరు. మా అమ్మాయి నిచ్చెనెక్కి పై అరలో సీసాలు సర్దుతోంది. కింద నిలబడి అడిగేశాను, ఇంట్లో నీకెప్పుడైనా ఏదైనా వినిపించిందా అని.

సర్దడం ఆపలేదు. "ఇప్పుడా అడగడం?" అంది.

"అంటే?"

"నా కాలేజీ ఇంటర్వ్యూ గుర్తుందా? నువ్వు బయట బెంచీ మీద కూర్చున్నావు. తలుపేసి ఉంది. లోపల ముసలాయన ఏ కోర్సు కావాలమ్మా అన్నాడు. నేను నోరు తెరిచేలోపు నా చెవిలో 'మందుల కోర్సు' అని వినిపించింది. నీ గొంతే, కానీ నువ్వు కాదు. ఆ మాటే అన్నాను."

"అంతకుముందు నీకేం కావాలనిపించిందే?"

నిచ్చెన మీది నుంచి నా వైపు చూసింది. దాని పాదాలు నా కళ్ల ఎదురుగా ఉన్నాయి. దాని ఎడమ మడమ మీద చిన్న మచ్చ ఉందని నాకు ఇన్నాళ్లూ తెలియదు.

"అదే కదమ్మా. ఏమనిపిస్తోందో చూసుకునే టైమే దొరకలేదు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబుదామని నోరు తెరిచినప్పుడల్లా 'ఏం లేదమ్మా' అని వినిపించేది."

ఒక ముసలాయన చీటీ పట్టుకుని వచ్చాడు. అది కిందికి దిగి అతనికి కావలసింది ఇచ్చింది, రోజుకు రెండు, తిన్నాక, అని చెప్పింది. చక్కగా చెప్పింది. తన మాటలే అనుకుంటాను.

మే 24

వ్యాసంలో మూడో పేరా నాది. మిగతాదంతా పిల్లదే.

మే 27

ఆలోచించాను. పిచ్చుక నటన బడికే వెళ్లాలి. ఈ ఇంటికి తొమ్మిది గంటల దూరంలో ఏ గొంతూ ఉండదు. మొదటి పరీక్షలో ఉంది నిజమే, కానీ అప్పుడు పిల్ల ఈ ఇంటి నుంచే వెళ్లింది కదా. అక్కడే ఉంటే మెల్లగా పోతుంది. నేను ఎటూ మొగ్గడం లేదు, పిల్ల క్షేమం కోసం చెబుతున్నానంతే.

పొద్దుట్నుంచీ నటన బడిని పొగుడుతున్నాను. పుస్తకాలు చదివి నటులైన వాళ్లెవరన్నాను. నాలుగేళ్లు చరిత్ర చదివి చివరికి టికెట్లు చింపే పని చెయ్యాలన్నాను. ఒళ్లు వంగే వయసు మళ్లీ రాదన్నాను. మా అమ్మాయి నన్ను చూసి, "మొన్నటిదాకా యూనివర్సిటీ యూనివర్సిటీ అని చంపావుగా?" అంది. నేనెప్పుడన్నాను?

జూన్ 2

పొద్దున పళ్లు తోముకుంటూ ఉంది పిచ్చుక. నేను నడవాలో ఉన్నాను. గోడలోంచి, సరిగ్గా నా భుజం ఎత్తులో: "నటన బడికే వెళ్తాను."

పిచ్చుక నురగ నోటితో, "నటన బడికే వెళ్తాను" అంది. ఎవరూ ఏమీ అడగకుండా. అద్దంలో దాని కళ్లు నిలిచిపోయి ఉన్నాయి. పెద్దక్క కళ్లు గూటి వైపు చూసినప్పుడు అలాగే ఉన్నాయి.

దిశ మారింది, అంతే. అందించడం ఆగలేదు.

జూన్ 3

ఇవాళ పిల్లను కూర్చోబెట్టి వ్యాసం సంగతి ఒప్పుకున్నాను. "నువ్వు రాసింది పక్కన పెట్టి, మొత్తం నేనే రాశాను. నీ పేరుతో నా మాటలు పంపాను" అన్నాను. అది విని ఉలిక్కిపడుతుందనుకున్నాను.

"తెలుసు" అంది. "ఎనిమిది పేజీల్లో నా పేరొక్కటే నాది."

"మరి ఎందుకు ఊరుకున్నావే?"

"బాగుంది కదా అమ్మమ్మా. నువ్వు రాస్తే అన్నీ బాగుంటాయి. నాకంటే ముందు నీకే తెలుస్తుంది నాకేం కావాలో. చిన్నప్పట్నుంచీ అంతే కదా." అని కాస్త ఆగి, "నిజంగా నాకు నటించాలని ఉందో, నీకు ఉండి నాకు వినిపిస్తోందో, అదొక్కటే తెలియట్లేదు. మిగతాదంతా ఓకే" అంది.

మిగతాదంతా ఓకేనట. మిగతాది ఏం మిగిలింది?

జూన్ 4, 5, 6

మాట్లాడటం తగ్గించాను. మా అమ్మాయి జ్వరమా అని చెయ్యి పెట్టి చూసింది. గొంతు మాత్రం తగ్గలేదు. నేను ఊరుకుంటే దానికి ఇంకా చోటు దొరికినట్టుంది.

జూన్ 9

ఒకటి కనిపెట్టాను. నేను పైకి అనకపోయినా లోపల అనుకుంటే చాలు, అది అందిస్తుంది. గుండీ అందుకే పడలేదు. ప్రాంప్టరు మాట మింగేస్తే గొంతు ఆగదు. ఆ మాట లోపల పుట్టకుండా ఉండాలి. ఎదుటి మనిషి ఆగినప్పుడు, వాళ్లు ఏమనాలో నాకు తెలుసు అన్న ఆ సంగతే లేకుండా ఉండాలి.

ఇరవై ఆరేళ్లు జీతమిచ్చి నేర్పించింది ఆ ఒక్కటే. దాన్ని ఐదు రోజుల్లో మానాలి.

జూన్ 14, శనివారం. నటన బడి ఎదుట టీ కొట్టు

పరీక్ష అయిపోయింది. పిచ్చుక కాగితాలకు లోపలికి వెళ్లింది. ఈలోపు రాసుకుంటున్నాను, లేకపోతే తర్వాత బాగా రాయాలనిపిస్తుంది.

పాత హాలు. ఎర్ర సీట్లు, వాటి చేతులు అరిగిపోయి ఉన్నాయి. స్టేజి ముందు అంచున నాలుగు కొత్త చెక్కలు వేసి మూసిన చోటు చూడగానే తెలిసింది, ఇక్కడా గూడు ఉండేదని. పైన నిచ్చెన మీద లైట్లతను ఏదో బిగిస్తున్నాడు. బంధువులు చివరి వరసలో కూర్చోవచ్చన్నారు. పొట్టి జుట్టు టీచరు నన్ను ఒకసారి పరకాయించి చూసింది. ఆవిడ కూడా ఎప్పుడో గూట్లోకి చూసిన మనిషే అయ్యుండాలి.

పిచ్చుక వచ్చి మధ్యలో నిలబడింది. చెప్పుల్లేవు. ఇంత దూరం నుంచి కూడా నేను దాని పాదాలే చూశాను.

మొదటి నిమిషం. రెండు. నిచ్చెన మీద అతను కూడా పని ఆపాడు. పిచ్చుక తల ఎత్తి లైట్ల వైపు చూసింది, ఒకటి తర్వాత ఒకటి, ఎవరినో పలకరిస్తున్నట్టు.

మూడో నిమిషంలో దాని ఎడమ కాలి వేళ్లు నేలను నొక్కాయి. నాకు తెలుసు. ఆ వేళ్లు అలా నొక్కాయంటే మాట కావాలని. నాకు మాట కూడా తెలుసు. నాలుక చివర దాకా వచ్చింది.

మూసిన చెక్కల కింద ఎవరో ఊపిరి తీసుకున్నారు. చివరి వరసకు వినిపించింది.

అప్పుడు నాకు పెద్దక్క కనిపించింది. మూడు, నాలుగు, ఏడు, పది. వేలు కదల్లేదు. నలభై ఏళ్లుగా నేను అనుకుంటున్నది, కదల్లేదు కాబట్టి మాట రాలేదని. నిజానికి కదల్లేదంటే మాట అక్కర్లేదని. ఆవిడ మర్చిపోలేదు. ఆవిడ ఆగింది. కొడుకు పోయిన తల్లి ఎంతసేపు ఆగుతుందో ఆ రోజే ఆవిడకు తెలిసింది, నేను లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

మర్చిపోలేదు.

అది రాయడానికి నాకు ఇన్ని పేజీలు పట్టాయి.

ఆ తర్వాత పిచ్చుక ఏమనాలో నాకు తెలియలేదు. నిజంగా తెలియలేదు. చెక్కల కింద తీసుకున్న ఊపిరి అలాగే ఉండిపోయింది. మాట రాలేదు. పిచ్చుక వేళ్లు మెల్లగా వదులయ్యాయి. నాలుగో నిమిషం. ఐదు.

పొట్టి జుట్టు టీచరు పెన్నుకు మూత పెట్టింది. తర్వాత, "ఇవాళ ఒక్కదానివే వచ్చావు" అంది. "సీటు నీదే. ఇరవై లోపు చెప్పు."

జూన్ 19, గురువారం

మధ్యాహ్నం మూడు గంటలు, వంటగది. నేను టీ గిన్నె కడుగుతున్నాను. కావాలని కాదు, ఆ టైముకు ఎప్పుడూ అదే పని.

పిచ్చుక గుమ్మంలో నిలబడింది. ఈసారి రొప్పడం లేదు. రేపే గడువు. దాని చేతిలో రెండు ఉత్తరాలూ ఉన్నాయి. నేను ట్యాపు కట్టేశాను.

గిన్నెల స్టాండు వెనకాల నుంచి, తెల్లగా: "నటన బడికే వెళ్తాను."

నేను అనుకోలేదు, ఒట్టు. పాత మాట, ఇంకా గోడల్లో ఉండిపోయింది కాబోలు. పిచ్చుక కూడా విన్నది. తల అటు తిప్పింది. ఒక ఊపిరి గడిచింది. రెండు. దాని నోరు తెరుచుకుంది.

"యూనివర్సిటీకి" అంది.

నా చేతిలో గిన్నె జారి సింకులో పడింది. ఆ గొంతు తప్పడం నేను ఎప్పుడూ వినలేదు.

"సీటొచ్చింది కదే అక్కడ?"

"అందుకే. ఐదు నిమిషాలు నిలబడ్డాను కదా, ఏం చేశానో తెలుసా? లైట్లు చూశాను. అందులో ఒకటి ఎందుకు వంకరగా పెట్టాడా అని ఆలోచించాను. నాకది తెలుసుకోవాలని ఉంది. అన్నీ తెలుసుకోవాలని ఉంది. అదీ కాక..." ఇక్కడ ఆగింది, మాట కోసం వెతుక్కుంది. నాకు కనిపించింది అది వెతుక్కోవడం. "గొంతు ఇప్పుడే దొరికింది అమ్మమ్మా. మూడేళ్లు దాన్ని ఇంకొకళ్ల చేతిలో పెట్టను. వాళ్లు ఎంత మంచివాళ్లైనా సరే."

నేను లోపల ఎగిరి గంతేశాను. ఇరవై నిమిషాల బస్సు. సాయంత్రం టీకి ఇంట్లో ఉంటుంది.

"కానీ హాస్టల్లో ఉంటాను" అంది.

"ఇరవై నిమిషాలేనే ఇక్కణ్ణుంచి!"

"తెలుసు."

సింకులో పడిన గిన్నె తీసి మళ్లీ కడగడం మొదలుపెట్టాను.

"ఇంకోటి. ఆ వ్యాసం నాది కాదని చెప్పేస్తాను. పోతే సీటు పోతుంది."

"పిచ్చిదానా, అప్పుడు రెండూ పోతాయి!"

"ఇది కూడా నువ్వే అందించాలనుకున్నావా?" అని నవ్వింది. మొదటిసారి నన్ను ఆట పట్టించింది, ఈ విషయంలో. కింద టైలరు మిషను గడగడమంది. గిన్నెల స్టాండు గిన్నెల స్టాండులాగే ఉంది.

జూన్ 23

యూనివర్సిటీలో దానికి గంట సేపు చీవాట్లు పెట్టి, ఒక ఖాళీ గదిలో కూర్చోబెట్టి, రెండు గంటలిచ్చి మళ్లీ రాయమన్నారట. వేళ్లకు సిరాతో వచ్చింది. ఏం రాశావే అన్నాను. చెప్పలేదు. అడగకుండా ఉండాల్సింది.

జూన్ 27

సీటు ఉంది. వ్యాసంలో తప్పులు పద్నాలుగు ఉన్నాయట. మొదటిదాని కంటే ఇదే నయమన్నాడట అక్కడి పెద్ద మాస్టారు. ఆ మనిషికి సాహిత్యంలో రుచి ఉన్నట్టు లేదు.

జూలై 6

హాస్టలుకు వెళ్లింది. మా అమ్మాయి బస్సు దాకా పెట్టె మోసింది. వెనక్కి వచ్చి, "అమ్మా, నేను చిన్నప్పుడు రైలింజను డ్రైవరు కావాలనుకున్నాను, ఇప్పుడు గుర్తొచ్చింది" అంది. ఇద్దరం చాలాసేపు నవ్వాం. తర్వాత అది కొంచెం ఏడ్చింది. నేనేమీ అందించలేదు.

జూలై 8

డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఇప్పుడేం వినిపిస్తోందని అడిగాడు. ఏమీ లేదన్నాను. బాగయిందన్నాడు. ఎక్కడ బాగయింది, మూడింటికి వంటగదిలో నిలబడితే ఎంత నిశ్శబ్దమో! నేను వింటున్నాను. స్టాండు వెనకాల ఎవరైనా ఉంటే వాళ్లూ వింటున్నట్టుంది.

గుండీ టైలరుకు తిరిగిచ్చేశాను. తుడిచి డబ్బాలో వేసుకున్నాడు.

జూలై 13, ఆదివారం

పిచ్చుక టీకి వచ్చింది. కుర్చీలో కూర్చుంది, కప్పు తిప్పుతూ, ఏదో చెప్పాలని. కప్పు ఒక చుట్టు తిరిగింది, రెండు చుట్లు తిరిగింది. నేను లెక్కపెట్టడం ఆపాను. ఎదుటి మనిషి ఏమంటుందో తెలియకుండా ఇలా కూర్చోవడం నాకు అలవాటు లేదు. గోడలోంచి గానీ స్టాండు వెనక నుంచి గానీ ఊపిరి చప్పుడు లేదు.

అప్పుడది నోరు తెరిచింది.

ఏమందో రాయను. ఆ మాట నాకు ముందు వినిపించలేదు, కాబట్టి డాక్టరు రాసుకోమన్న వాటిలోకి రాదు.